మోసే కొయ్య, చూపే కొయ్య

సాహిత్య పత్రికలో ఇంటి నిర్మాణం గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే మన విమర్శలో మనం వాడే మాటల్ని ఒకసారి చూసుకుందాం. కథకు నిర్మాణం అంటాం. నవలకు చట్రం అంటాం. కావ్యానికి శిల్పం అంటాం. సమాజానికి పునాది, ఉపరితలం అంటాం. ఇవన్నీ రాళ్ళతో, కొయ్యలతో పనిచేసేవాళ్ళ దగ్గర మనం ఎరువు తెచ్చుకున్న మాటలు. తెచ్చుకున్నాక అసలు వస్తువు ఎలా ఉంటుందో చూడటం మానేశాం. అందువల్లనే "శిల్పం" అనగానే కొందరికి అది వస్తువు మీద పైపైన అద్దిన పూతలా తోస్తుంది. మరికొందరికి అదే సర్వస్వమనిపిస్తుంది. ఈ రెండు వాదాల మధ్యా విసిగి, కొంతకాలంగా నేను ఒక ఇంగ్లీషు ఇంటి పటాలూ, కొలతలూ, చరిత్రా ముందు పెట్టుకుని చదువుతున్నాను. ఆ ఇంటి చట్రమంతా బయటికే కనబడుతుంది. ఏ కొయ్య బరువు మోస్తున్నదో, ఏ కొయ్య కేవలం చూపులకోసం ఉన్నదో ఓపికపడితే విడదీయవచ్చు. ఆ విడదీసే పద్ధతి రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ పనికొస్తుందని నా నమ్మకం.

ఆ ఇంటిపేరు లిటిల్ మోర్టన్ హాల్. ఇంగ్లండు వాయవ్య భాగంలోని చెషైర్‌లో, కాంగిల్టన్ పట్టణానికి నాలుగు మైళ్ళ పైచిలుకు దూరంలో ఉంది. చుట్టూ సుమారు 33 అడుగుల వెడల్పు అగడ్త. లోపల ముంగిలి చుట్టూ కట్టిన కొయ్య ఇల్లు. మన మండువా లోగిలిని ఎరిగినవాళ్ళకు ముంగిలి చుట్టూ గదులు పేర్చడం కొత్తగా తోచదు. కాని మండువాలో ఇల్లు లోపలివైపు చూస్తుంది; ఇది బయటివాడు చూడాలని కట్టిన ఇల్లు. వంతెన దాటకముందే ముఖద్వారం మీద మూడంతస్తులు, ఒకదానికంటే ఒకటి ముందుకు తోసుకొచ్చి, మీద పడతాయేమోనన్నట్టు నిలబడి ఉంటాయి.

ఈ ఇల్లు ఒక్కసారిగా కట్టింది కాదు. సుమారు 1504-08 మధ్య మొదటి విలియం మోర్టన్ పెద్ద హాలూ దాని పక్క గదులూ కట్టించాడు. అతడి కొడుకు రెండో విలియం 1559లో ముంగిలివైపు కిటికీలు పెట్టించాడు. మనవడు జాన్ 1560-62 ప్రాంతంలో దక్షిణపు వరస, ముఖద్వారం, ఆ పైన పొడుగాటి వసారా గదీ కట్టించాడు. 1610 ప్రాంతం దాకా అతుకులు పడుతూనే వచ్చాయి. కాబట్టి దీనికి ఒకే ఒక పథకం లేదు, ఒకే ఒక కర్తా లేడు. సౌష్ఠవం వెతికేవాడికి నిరాశే.

ఇంతకీ ఈ కుటుంబానికి డబ్బెక్కడిది? 1348లో ఇంగ్లండును మహమ్మారి తుడిచిపెట్టింది. దున్నేవాళ్ళు చచ్చిపోయి భూములు ఖాళీపడ్డాయి. ఆ భూముల్లో కొన్ని మోర్టన్లు చేర్చుకున్నారు. రెండు శతాబ్దాల తరువాత, 1536-40 మధ్య, ఎనిమిదో హెన్రీ క్రైస్తవ మఠాలను రద్దుచేసి వాటి ఆస్తుల్ని సంతకు పెట్టాడు. అప్పుడూ కొన్నారు. 16వ శతాబ్దం మధ్యకు వాళ్ళ ఎస్టేటు 1,360 ఎకరాలు. అందులో తోటలు, పిండిమర, నీటి శక్తితో నడిచే సమ్మెటలున్న ఇనుము కొలిమి. మన "జమీందారు" అనే మాట వాళ్ళకు పూర్తిగా అతకదు. బిరుదులున్న ప్రభువులు కారు వాళ్ళు. పైకి ఎగబాకుతున్న భూస్వాములు. ఎగబాకుతున్నవాడి ఇంటికి, చేరవలసిన చోటికి చేరినవాడి ఇంటికి తేడా ఉంటుంది. ఎగబాకేవాడికి పక్క ఊరి ఆసామి ఏమనుకుంటాడన్న ధ్యాస ఎక్కువ. ఈ ఇంటి గోడలమీద ఆ ధ్యాస అణువణువునా ఉంది.

ఇక నిర్మాణం సంగతి. కొయ్య చట్రపు ఇల్లంటే కొయ్యతో అలంకరించిన ఇల్లు కాదు. ఇందులో గోడ బరువు మొయ్యదు. మోసేది చట్రం. నేలమీద రాతి వరస పేర్చి, దానిమీద అడ్డంగా అడుగు దూలం వేస్తారు. దానిమీద నిలువు స్తంభాలు, స్తంభాల తలలమీద మళ్ళీ అడ్డ దూలాలు, ఆపైన వాసాలు. చట్రం పక్కకు ఒరగకుండా మూలల్లో ఏటవాలు ఊతకొయ్యలు. ఇవి లేకపోతే నలుచదరపు చట్రం గాలికి అగ్గిపెట్టెలా నలుగుతుంది. కొయ్యలమధ్య ఖాళీలను తడికలల్లి, మట్టిలో పేడ, తరిగిన గడ్డి కలిపి మెత్తి, పైన సున్నం పూస్తారు. అచ్చంగా మన పల్లెల్లో తడిక గోడకు మెత్తిన పద్ధతే. ఆ మెత్తును మొత్తం రాల్చేసినా ఇల్లు నిలిచే ఉంటుంది.

ఇంత పనీ ఇంటి స్థలంలో మొదలవదు, వడ్రంగి దొడ్డిలో మొదలవుతుంది. ఓక్ చెట్టును కొట్టి, ఆరబెట్టకుండా పచ్చిగానే వాడతారు. ఆరిన ఓక్ ఉలికి లొంగదు. మొద్దును గొడ్డలితో, బాడిసెతో చెక్కి నలుపలకలు చేస్తారు. చీల్చవలసి వస్తే గొయ్యి తవ్వి, ఒకడు పైన, ఒకడు గోతిలో నిలబడి రంపం లాగుతారు. గోతిలో ఉన్నవాడి కళ్ళలో రోజంతా రంపపు పొట్టు. ఆ తరువాత గోడ చట్రమంతా నేలమీద పడుకోబెట్టి అమరుస్తారు. ఒక కొయ్య చివర నాలుకలా చెక్కి, రెండో కొయ్యలో దానికి సరిపడా తొర్ర తొలిచి, రెంటినీ కలిపి, అడ్డంగా ఓక్ చీల దిగగొడతారు. ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. నాలుకకూ తొర్రకూ వేసే బెజ్జాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడవు. ఒక నూలు తేడా ఉంచుతాడు వడ్రంగి. చీల దిగుతుంటే ఆ తేడా అతుకును బిగలాగుతుంది. ఇనుప మేకుతో పనిలేదు. పైగా పచ్చి కొయ్య ఇంట్లో నిలబడి ఏళ్ళతరబడి ఆరుతూ, ముడుచుకుంటూ, వంగుతూ అతుకును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇప్పుడు మనకు పటాల్లో కనిపించే ఆ వంకరలు కొన్ని కట్టినప్పటి తప్పులు కావు, కొయ్య ఆరిన తీరు అది.

అమరిక సరిచూసుకున్నాక ఏ నాలుక ఏ తొర్రలోకి పోవాలో రెంటిమీదా ఒకే గుర్తు గీస్తాడు. ఈ గుర్తులు ఎక్కువగా రోమన్ అంకెలను పోలి ఉంటాయి. ఉలితో నిలువు గీత, ఏటవాలు గీత గీయడం తేలిక. వంపు గీయడం కష్టం. అంతే కారణం. ఆ తరువాత చట్రాన్ని విప్పి, బండ్లమీద మోయించి, స్థలంలో పదిమంది కలిసి లేపి నిలబెడతారు. ఇంగ్లండులో ఇలాంటి పాత ఇళ్ళెన్నింటిలోనో ఆ గుర్తులు ఇప్పటికీ కొయ్యలమీద ఉన్నాయి. నాకు ఇవి ఎంతో ఆప్తంగా తోస్తాయి. యజమాని తన వంశచిహ్నం చెక్కించుకున్న చోట కాదు, లోపలి అతుకుల దగ్గర, ఎవరూ చదవరనుకున్న చోట రాసుకున్న అక్షరాలు ఇవి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. లిటిల్ మోర్టన్ హాల్ గోడల్ని చూస్తే కొయ్య, మెత్తు కలిసి ఎన్నో ఆకృతులు కనిపిస్తాయి. చేప ముల్లులా ఏటవాలుగా పేర్చిన వరసలు, నలుచదరపు గడుల్లో నాలుగు రేకుల పూలు. చూడగానే కళ్ళు చెదురుతాయి. కాని ఒక్కో కొయ్యనూ "నువ్వేం మోస్తున్నావు?" అని అడుగుతూ పోతే సగానికి సగం కొయ్యల దగ్గర జవాబుండదు. నాలుగు రేకుల పువ్వు ఏ బరువూ మొయ్యదు. అది గడికి నాలుగు మూలలా వంపు చెక్కిన ముక్కలు బిగిస్తే తేలిన ఆకారం. ఒక్క ఊతకొయ్య చాలినచోట పదేసి ఉన్నాయి. ఓక్ ఖరీదైన సరుకు. దాన్ని అక్కరలేనిచోట వాడగలగడమే ఇక్కడి సందేశం. గాజూ అంతే. ఈ ఇంటి కిటికీల్లో సీసపు పట్టీల మధ్య బిగించిన గాజు ముక్కలు 30 వేలకు పైగా ఉన్నాయి. ఆనాటి ఇంగ్లండులో గాజు కిటికీ మామూలు రైతు ఎరిగినది కాదు.

ఇక్కడ మనలో ఒక తొందరపాటు విమర్శ పుడుతుంది. మోసేదంతా నిజాయితీ, చూపేదంతా భూస్వామ్య ఆర్భాటం, కాబట్టి పువ్వుల్ని తోసెయ్యవచ్చు అని. నేనలా అనను. ఆ పువ్వు యజమాని డాంబికానికి పనికొచ్చిన మాట నిజమే. అయితే దాన్ని చెక్కడానికి కావలసిన నేర్పు యజమానిది కాదు. పైగా ఆ వంపు ముక్క బరువు మొయ్యకపోయినా మోసే చట్రాన్ని ఒప్పుకుని, దాని గడిలోనే పుట్టింది. చట్రం గడి ఎంత ఉంటే పువ్వు అంత. మన పద్యంలోని అలంకారాన్నీ ఇలాగే పరీక్షించాలి. అది ఏం మోస్తున్నదని ఒక ప్రశ్న. మొయ్యకపోతే, మోసేదాన్ని ఒప్పుకుని పుట్టిందా, పక్కనుంచి తెచ్చి అతికించారా అన్నది రెండో ప్రశ్న. మన విమర్శకులు చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే తీర్పు రాసేస్తున్నారు.

పక్కనుంచి తెచ్చి అతికించిన దానికి ఉదాహరణ కావాలంటే ఈ ఇంటి రంగే చాలు. కొయ్యలు నల్లగా, మెత్తు తెల్లగా ఉండే ఈ "నలుపు తెలుపు ఇల్లు" పాత ఇంగ్లండుకు చిహ్నమైపోయింది. బిస్కెట్ల డబ్బాలమీద కూడా అదే బొమ్మ. కాని ఇది 19వ శతాబ్దపు వేషం. ట్యూడర్ కాలంలో ఇక్కడి ఓక్‌ను దాని మానాన వదిలేశారు. అది తేనెరంగు నుంచి క్రమంగా వెండిబూడిద రంగుకు తిరిగేది. మధ్యనున్న మెత్తుకు కావిరంగు పూసేవారు. అంటే మెత్తనైన రంగుల ఇల్లు. విక్టోరియా రాణి నాటి జనం కొయ్యలకు తారు పూసి, మెత్తుకు సున్నం కొట్టి, రెంటి మధ్యా వైరుధ్యాన్ని కరుకు చేశారు. పొగగొట్టాల నగరాలు పెరిగిన కాలంలో వాళ్ళకు ఒక "పాత, చల్లని" ఇంగ్లండు కావలసి వచ్చింది, లేకపోతే తయారుచేసుకున్నారు.

ఆ వేషం అక్కడితో ఆగలేదు. 1924లో లండన్‌లో లిబర్టీ అనే పెద్ద దుకాణం ట్యూడర్ ఇంటి పోలికతో కొత్త భవనం కట్టించుకుంది. తూర్పుదేశాల పట్టుబట్టలు అమ్ముతూ 1875లో మొదలైన వ్యాపారమది. ఆ భవనానికి కొయ్య ఎక్కడిదంటే, విప్పేసిన రెండు యుద్ధనౌకలది. అందులో ఒక నౌక పేరు "హిందుస్తాన్". సామ్రాజ్యపు నౌకను విప్పి పల్లెటూరి అమాయకత్వపు ముసుగు కుట్టుకోవడమన్నమాట! మన సిమ్లాలో ఇంగ్లీషు దొరలు కట్టుకున్న నలుపుతెలుపు ఇళ్ళదీ ఆ వంశమే. వాటిలో చాలాచోట్ల కొయ్య గోడకు అంటించిన పలక మాత్రమే. అది దేన్నీ మొయ్యదు, మోసేదాన్ని ఒప్పుకోదు కూడా.

మళ్ళీ మోర్టన్ల ఇంటికి పోదాం. దక్షిణపు వరస మీద, మూడో అంతస్తులో, ఈ చివరినుంచి ఆ చివరిదాకా 68 అడుగుల పొడుగు, 12 అడుగుల వెడల్పుతో ఒక వసారా లాంటి గది ఉంది. వానకాలంలో యజమానులు అటూ ఇటూ పచార్లు చెయ్యడానికీ, ఆటలకూ. గోడ పలకల వెనక 17వ శతాబ్దం మొదటినాళ్ళ టెన్నిస్ బంతులు దొరికాయి. ఈ గది మొదటి ఆలోచనలో ఉన్నట్టు లేదు. పని మొదలుపెట్టాక నెత్తిన పెట్టినట్టు కనిపిస్తుంది. దానికి కప్పు వేసినది బరువైన ఇసుకరాతి పలకలతో. ఆ బరువుకు కింది దూలాలు సాగాయి, అంతస్తులు వంగాయి, గోడలు ఉబ్బాయి. తరువాతి కాలంలో ఉక్కు కడ్డీలు దూర్చి కట్టవలసి వచ్చింది. ఇవాళ యాత్రికులు మురిసిపోయే ఆ ఒంకరటింకర అందంలో పెద్దభాగం ఈ పైగది పుణ్యమే.

పునాది, ఉపరితలం అనే మాటల్ని యాంత్రికంగా వాడే మిత్రులు ఈ గదిని ఒకసారి చూడాలి. 1859 నాటి పీఠికలో మార్క్స్ ఈ ఉపమానం వాడినప్పుడు పునాది పైదాన్ని నిర్ణయిస్తుందన్నాడు, నిజమే. ఇక్కడ కూడా భూమి, కౌలు, కొలిమి లేకపోతే పచార్ల గది లేదు. కాని పైది వచ్చి కూర్చున్నాక కిందిదాన్ని వంచుతుంది. 1890లో బ్లోక్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ ఈ పరస్పర ప్రభావం గురించే హెచ్చరించాడు. కొయ్య చట్రంలో అది కంటికే కనబడుతుంది. రాతి కట్టడం ఓర్చుకుని ఓర్చుకుని పగులుతుంది. కొయ్య వంగుతూ సర్దుకుంటుంది. సమాజం దేనికి దగ్గరో పాఠకులే ఆలోచించవచ్చు.

ఆ గది రెండు చివరలా సున్నపు గారతో చేసిన రెండు స్త్రీ మూర్తులున్నాయి. ఒకరు అదృష్టం, చేతిలో చక్రం, రెండోవారు విధి. అదృష్ట చక్రాన్ని నడిపేది అజ్ఞానమనీ, విధిని నడిపేది జ్ఞానమనీ పక్కన రాత. ఈ బొమ్మలు రాబర్ట్ రికార్డ్ 1556లో అచ్చువేసిన "ది కాజిల్ ఆఫ్ నాలెడ్జ్" అనే ఖగోళ గ్రంథంలోని చిత్రాన్ని చూసి చేసినవి. లెక్కల మాస్టార్లకు ఈయన బంధువే. సమానం గుర్తుకు రెండు సమాంతర గీతలు వాడుక చేసినవాడు. అప్పుల జైల్లో 1558లో చనిపోయాడు. మహమ్మారి వల్ల ఖాళీపడ్డ భూములతో మొదలుపెట్టి ధనవంతులైన కుటుంబం, అదృష్టాన్ని నడిపేది అజ్ఞానమని గోడమీద రాయించుకోవడంలోని విడ్డూరం వాళ్ళకు తట్టినట్టు లేదు.

ఇక ముంగిలిలోని కిటికీలు. 1559 నాటి ఈ జంట కిటికీలు ఐదు పలకలుగా ముందుకు పొడుచుకు వచ్చి, రెండంతస్తుల ఎత్తున, ఒకదానికొకటి దాదాపు తగులుతున్నట్టు ఉంటాయి. వాటిమీద కొయ్యలో చెక్కిన రాత ఉంది. దాని భావం ఇది: అన్నిటా దేవుడే సర్వస్వం, ఈ కిటికీలను ఫలానా సంవత్సరంలో విలియం మోర్టన్ చేశాడు, దైవానుగ్రహం వల్ల వడ్రంగి రిచర్డ్ డేల్ ఈ కిటికీలను చేశాడు.

గమనించండి, ఇద్దరికీ ఒకే క్రియ. ఇంగ్లీషులో ఆ "చేయడం" ఇద్దరికీ చెల్లింది. తెలుగులో రాయబోతే కలం ఆగుతుంది. మోర్టన్ "చేయించాడు", డేల్ "చేశాడు" అనాలి మనం. మన భాషలోని ప్రేరణార్థకం ఒక్క "ఇంచు"తో డబ్బు పెట్టినవాణ్ణీ ఉలి పట్టినవాణ్ణీ విడదీస్తుంది. అయితే మన గుడి శాసనాలు చదివినవారికి తెలుసు, వాటిలో రాజ్యమేలేది "కట్టించె", "ఎత్తించె" అన్న క్రియలే. చెక్కినవాడి పేరున్న శాసనాలు లేకపోలేదు గాని, దాతల పేర్ల ముందు అవి ఎన్ని? ఇంత సూక్ష్మమైన వ్యాకరణం మనకుండీ, దాన్ని ఎక్కువగా చేయించినవాడి కీర్తికే వాడాం. అక్కడ వ్యాకరణం ఇద్దర్నీ కలిపేసినా, పనివాడి పేరు మాత్రం గోడమీద నిలిచింది.

దీన్ని చూసి పరవశించిపోయే ప్రమాదమూ ఉంది. 1853లో జాన్ రస్కిన్ మధ్యయుగపు కట్టడాల్లోని మొరటు చెక్కడంలో పనివాడి స్వేచ్ఛను చూశాడు. ఆ అధ్యాయాన్ని విలియం మారిస్ 1892లో తన ముద్రణాలయంలో విడిగా అచ్చువేశాడు. యంత్రపు పనిలో మనిషి తన పనికే పరాయివాడవుతున్నాడని చెప్పడానికి వాళ్ళకు ఆ పాత వడ్రంగి అవసరమయ్యాడు. మారిస్ పట్ల నాకు గౌరవం ఎక్కువ. పాత కట్టడాలను గీకి, కొత్తవిగా చేసి "పునరుద్ధరించడం" విధ్వంసమేనని 1877లో సంఘం పెట్టి పోరాడినవాడు, సోషలిస్టు. అయినా డేల్‌ను స్వేచ్ఛాజీవిగా ఊహించుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు. ఆ కిటికీ చేసిన నాలుగేళ్ళకే, 1563లో, ఇంగ్లండు పార్లమెంటు చేతిపనివాళ్ళ మీద ఒక చట్టం చేసింది. కూలి ఎంతకు మించకూడదో ఏటేటా స్థానిక న్యాయాధికారులు నిర్ణయిస్తారు. వృత్తిలోకి రావాలంటే ఏడేళ్ళు శిష్యరికం చెయ్యాలి. పని మధ్యలో వదిలిపోతే శిక్ష. ఆ న్యాయాధికారులెవరు? మోర్టన్ల తరగతి భూస్వాములే. అదీగాక డేల్ మేస్త్రి. గోతిలో రంపం లాగినవాడి పేరు, పేడా మట్టీ తొక్కి మెత్తినవాడి పేరు ఏ కిటికీ మీదా లేవు. వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉండరనుకోవడానికి వీల్లేదు.

మోర్టన్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలబడ్డారు. 1643లో పార్లమెంటు సైన్యం ఇంటిని స్వాధీనం చేసుకుని సిపాయిలను దింపింది. ఇల్లు తిరిగి దక్కింది గాని అప్పులు మిగిలాయి. 1670ల చివరికి కుటుంబం అక్కడ కాపురమే మానేసింది. ఇల్లు కౌలు రైతుల పాలైంది. 1847 నాటికి చాలా గదులు ఖాళీ; ప్రార్థన మందిరంలో బొగ్గు పోసుకునేవారు. యజమానికి డబ్బుండి ఉంటే 18వ శతాబ్దపు మోజు ప్రకారం దీన్ని పడగొట్టి ఇటుకల మేడ లేపేవాడే. ఇల్లు బతికింది దారిద్ర్యం వల్ల. 1938లో అది నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. 1976లో ఒక గదిలో తరువాతి కాలపు పలకల్ని కదిపితే, వెనక 16వ శతాబ్దపు గోడచిత్రాలు బయటపడ్డాయి. ఇద్దరు పెద్దమనుషులు, న్యాయాధిపతులు, కుట్రపన్ని నింద మోపిన సుసన్నా అనే స్త్రీ కథ. బైబిలు చదివినవారికి తెలిసినదే. 1598లో చనిపోయిన జాన్ మోర్టన్ పేరులోని పొడి అక్షరాలు అక్కడున్నాయి కనుక ఆ బొమ్మలు అంతకుముందువే.

ఆ కౌలుదార్ల గురించి ఒక్కమాట. 1841లో ఈ ఇంటిని, పొలాన్ని కౌలుకు తీసుకుని వందేళ్ళకు పైగా అక్కడే ఉన్న కుటుంబం ఇంటిపేరు కూడా డేల్. పేరు కలిసినంత మాత్రాన వడ్రంగి రిచర్డ్‌తో చుట్టరికం కట్టబోను. వాళ్ళు ఖాళీ గదుల పక్కన కాపురమున్నారు, చుట్టూ ఉన్న పొలం చేసుకున్నారు, కౌలు చెల్లించారు. ముంగిట్లోకి వచ్చిన ప్రతిసారీ తలెత్తితే కిటికీమీద తమ ఇంటిపేరు కనిపించేది.